సర్వే ఒక్కటే చాలునా? డాక్టరేటు పరిశోధనలలో పద్ధతుల పొత్తు

పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ప్రాంతమున 'సర్వే' అను మాటకు నలుగురు నాలుగు అర్థములు చెప్పుదురు. అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పనిచేయువానికి సర్వే అనగా భూగర్భములోని త్రోవల కొలత, గని పటము. చుట్టుప్రక్కల పల్లెలలోని రైతుకు సర్వే అనగా పొలము హద్దులు, సర్వే నెంబరు, దాని వెనుకనే వచ్చు నష్టపరిహారపు లెక్క. రామగిరి ఖిల్లా గుట్టమీదికి మొక్కల కొరకు ఎక్కు వృక్షశాస్త్ర విద్యార్థికి అది ఓషధుల జాబితా. అచ్చు కాగితములు చేతబట్టుకొని సెంటినరీ కాలనీ క్వార్టర్ల వెంట తిరుగు సాంఘికశాస్త్ర పరిశోధకునికి అది ప్రశ్నావళి. నాలుగును సర్వేలే, కాని నాలుగింటి నమ్మకము ఒక్క తీరుగా నిలిచియుండలేదు.

విశ్వవిద్యాలయములలో డాక్టరేటు పట్టము కొరకు సమర్పించు సిద్ధాంత వ్యాసములలో ఈ నాల్గవ రకపు సర్వేకు నేడు పెద్దపీట లభించినది. విద్య, వాణిజ్యము, వైద్యము, వ్యవసాయము, గృహవిజ్ఞానము, చివరకు ఇంజనీరింగు శాఖలలో సైతము ప్రశ్నావళి కనబడుచున్నది. ఒక్క ప్రశ్నావళితోనే వ్యాసము ముగించినచో బాగుండదని, దానికి తోడు మరియొక పద్ధతినికూడ వాడితిమని చెప్పుట ఇటీవలి మర్యాద. ఆ తోడు పద్ధతి నిజముగా పనిచేయుచున్నదా, లేక పెండ్లిపందిరికి కట్టిన కాగితపు తోరణమువలె అందమునకే యున్నదా అను ప్రశ్న పరీక్షకులు తరచుగా అడుగరు. విమర్శకు పాత్రమగునది అదియే.

ముందుగా సర్వేకు ఈయవలసిన గౌరవము ఈయవలెను. వేయి ఇండ్లున్న ఊరిలో ఎందరు రాత్రి షిఫ్టుకు పోవుచున్నారు, ఎందరి పిల్లలు పదవ తరగతి పూర్తిచేయలేదు, ఎన్ని ఇండ్లకు మంచినీరు లేదు అను విషయములు నలుగురితో ముచ్చటించినంత మాత్రమున తెలియవు. ముచ్చటలో గట్టిగా మాట్లాడువాని బాధయే ఊరి బాధగా కనబడును. తగిన రీతిగా చీట్లు తీసి ఇండ్ల నెన్నుకొని, అందరిని ఒకే ప్రశ్న అడిగినపుడు మాత్రమే మౌనముగా నుండువాని ఇల్లుకూడ లెక్కలోనికి వచ్చును. ఈ న్యాయము మరే పద్ధతికిని లేదు. సర్వేలోని లోపము వేరు. అది కొలుచునది వస్తువును కాదు, వస్తువును గురించిన జవాబును.

ఈ భేదమును బొగ్గుగని కార్మికుల దగ్గువలె స్పష్టముగా చూపగల ఉదాహరణము మరియొకటి దొరకదు. బ్రిటనులో ఆర్చీ కోక్రేన్ అను వైద్యుడు, తోటివారిద్దరితో కలిసి, గని కార్మికుల రోగచరిత్రలను అడిగి వ్రాసికొనుటలో వచ్చు పొరపాట్లను గూర్చి 1951లో 'లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. సుమారు వేయిమంది కార్మికులను కొందరు వైద్యులు పంచుకొని ప్రశ్నించిరి. అడిగిన వైద్యునిబట్టి దగ్గు కలదన్నవారి సంఖ్య నూటికి 23 నుండి 40 వరకు మారినది. కార్మికులు ఒక్క తెగవారే, ధూళి ఒక్కటే. మారినది అడిగిన గొంతు మాత్రమే. దగ్గు అనగా ఏమి? ఉదయము లేవగానే రెండుమార్లు గొంతు సవరించుకొనుట దగ్గు అగునా? చలికాలములో మాత్రమే వచ్చునది లెక్కకు వచ్చునా? వైద్యు డొక్కొక్కడు తనకు తోచిన అర్థముతో అడిగెను, కార్మికు డొక్కొక్కడు తనకు తోచిన అర్థముతో బదులు చెప్పెను. తరువాతి సంవత్సరములలో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి శ్వాసరోగములకు ఒకే మాటలలో అడుగవలసిన ప్రశ్నావళిని తయారుచేయుటకు ఇటువంటి అనుభవములే కారణము.

ఇదే ప్రశ్నను గోదావరిఖనిలో అడుగబోవు పరిశోధకుడు మరియొక చిక్కునుకూడ గమనించవలెను. అనారోగ్యమువలన పనికి తగడని వైద్యమండలి తేల్చిన కార్మికుని కుటుంబములో ఒకరికి ఉద్యోగమిచ్చు విధానము సింగరేణిలో కలదు. ఇంటిలో చదువుకొని ఖాళీగానున్న కుమారుడున్న తండ్రి తన దగ్గును గూర్చి ఒక తీరుగా చెప్పును. ఇంకను పదేండ్లు మస్టరు పడవలెనని కోరువాడు, అప్పులున్నవాడు, అదే దగ్గును గూర్చి మరియొక తీరుగా చెప్పును. ఇద్దరిలో ఎవడును అబద్ధీకుడు కాడు; ప్రశ్న అడుగువాడు ఎవరి మనిషియో తెలియనపుడు ఏ సంసారియైనను అట్లే జాగ్రత్తపడును. కనుక దగ్గు ప్రశ్నకు తోడు ఊపిరితిత్తులలోని గాలిని కొలుచు శ్వాసమాపకము, ఛాతీ ఎక్స్‌రే, అతడు పనిచేయుచోట గాలిలోని ధూళి కొలత అవసరమగును.

ఎక్స్‌రే తప్పు చెప్పదా అని అడుగవచ్చును. చెప్పును. ఒకే చిత్రమును ఇద్దరు వైద్యులు రెండు విధములుగా చదువుట ఆ రోజులలోనే తెలిసిన విషయము. ప్రతి పద్ధతికి దాని తప్పు దానికున్నది. కాని ప్రశ్నావళి చేయు తప్పును ఎక్స్‌రే చేయదు, ఎక్స్‌రే చేయు తప్పును ప్రశ్నావళి చేయదు. కార్మికుని భయము ఫిలిముమీద పడదు. ఫిలిము చదువువాని అలసట కార్మికుని జవాబులో చేరదు. రెండు పద్ధతులను కలుపుటలోని లాభమంతయు ఇక్కడనే యున్నది. ఒకే రకపు తప్పు చేయు రెండు సాధనములను జతచేసినచో లాభము శూన్యము. ప్రశ్నావళి ఇచ్చి, మరుసటి వారము అవే ప్రశ్నలను అదే మనిషిచేత 'ఇంటర్వ్యూ' అను పేరున అడిగించి, రెండును ఏకీభవించినవని సంతోషించు సిద్ధాంత వ్యాసములు లేకపోలేదు. అద్దములో చూచి, తరువాత మరియొక అద్దములో చూచి, ముఖము ఒక్కటేనని నిర్ణయించుటకు మూడేండ్లు అక్కరలేదు.

పద్ధతుల కలయికకు ఆంగ్లములో వాడు 'ట్రయాంగ్యులేషన్' అను మాట భూమి కొలుచువారినుండి వచ్చినది. దాని కథ దక్షిణదేశమునకు చెందినదే. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసువద్ద ఒక ఆధారరేఖను గొలుసుతో కొలిచి, దానినుండి త్రిభుజములు గట్టుకొనుచు పడమటికి సాగెను. త్రిభుజములలో ఒక్క భుజము, కోణములు తెలిసినచో మిగిలిన భుజములు లెక్కవలన వచ్చును. లెక్క సరిపోయినదని లాంబ్టన్ ఊరకుండలేదు. 1804లో బెంగుళూరువద్ద మరియొక ఆధారరేఖను నేలమీద గొలుసుతో కొలిపించి, తన త్రిభుజముల లెక్క చెప్పిన పొడవుతో పోల్చెను. కొన్ని మైళ్ల రేఖలో కొద్ది అంగుళముల తేడా మాత్రమే వచ్చినది. ఇచ్చట గమనింపదగినది తేడా చిన్నదగుట కాదు. అది పెద్దదై యుండినచో అంతవరకు చేసిన పనియంతయు అనుమానములో పడియుండెడిది. ఆ అవకాశమును లాంబ్టన్ తానే కల్పించుకొనెను. మాటను అరువు తెచ్చుకొన్న సాంఘికశాస్త్రములు ఈ ధైర్యమునుకూడ తెచ్చుకొనవలసియుండెను.

గని సర్వేలో ఈ ధైర్యము చట్టమైనది. పాత పనులలో నీరు నిలిచియుండవచ్చు ననుకొన్నచోటికి 60 మీటర్ల లోపల కొత్త పని సాగునపుడు, ముందు ముందుగా బోరు రంధ్రములు వేసి చూచుకొనుచు పోవలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు ఆదేశించినవి. పటములో గోడ మందముగా కనబడవచ్చును, సర్వేయరు నిపుణుడు కావచ్చును. అయినను పటమును బోరు రంధ్రము ప్రశ్నించవలసినదే. ఈ జాగ్రత్త ఎందుకో బొగ్గు ప్రాంతపు పిల్లలకు చెప్పనక్కరలేదు. 1975 డిసెంబరు 27న చస్నాలాలో గనిలోనికి నీరు చొరబడి 370 మందికి పైగా మరణించిరి. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7వ ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. గనిలో పటమునకు తోడుగా బోరు వేయుట తోరణము కాదు.

ప్రశ్నావళి పొరపడినపుడు ఎవరును చావరు గదా అని కొంద రనవచ్చును. తెలుగు పల్లెలలో జరిగిన ఒక పరిశోధన దీనికి బదులు చెప్పును. పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ, 1975లో మెట్టప్రాంతపు గ్రామముల అధ్యయనము ప్రారంభించెను. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్రములోని నాలుగు గ్రామములు ఎన్నుకొనబడినవి. ఒక్కొక్క ఊరిలో 40 కుటుంబములు: భూమిలేని కూలీలవి 10, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. వ్యవసాయ ఆర్థికశాస్త్రము చదివిన యువకులు ఆయా ఊళ్లలోనే కాపురముండి, మూడు నాలుగు వారముల కొకసారి ప్రతి ఇంటికి పోయి కూలి, పంట, అప్పు, ఖర్చు వ్రాసికొనిరి. ఒక్కసారి వచ్చిపోవు సర్వేకును దీనికిని గల వ్యత్యాసము బాటసారికిని పొరుగువానికిని గల వ్యత్యాసము వంటిది. ఈ లెక్కలమీద ఆధారపడి తరువాత దేశవిదేశములలో ఎన్నో డాక్టరేటు వ్యాసములు వెలువడినవి.

ఆ గ్రామములలోనే హాన్స్ బిన్స్‌వాంగర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్నకు జవాబు వెదకెను. పేదరైతు కొత్త విత్తనము, ఎరువు వాడుటకు వెనుకాడును. అతడు స్వభావముచేతనే భయస్థుడా? మొదటి పద్ధతి ఇంటర్వ్యూ: నిలకడయైన రాబడి ఒకటి, హెచ్చుతగ్గుల రాబడి ఒకటి వర్ణించి ఏది కావలెనని అడుగుట. రెండవ పద్ధతి బొమ్మా బొరుసూ ఆట, అదియు నిజమైన డబ్బుతో. ఒక చీటీని ఎన్నుకొన్నచో ఏది పడినను 50 రూపాయలు. మరియొక దానిలో బొమ్మకు 30, బొరుసుకు 150. చిట్టచివరి దానిలో ఒక వైపు సున్న, రెండవ వైపు 200. ఆట అర్ధరూపాయి స్థాయితో మొదలై క్రమముగా పెరిగెను. అప్పటి కూలివానికి 50 రూపాయలు నెలరాబడితో తూగు సొమ్ము; ఎవడును అలవోకగా ఎన్నుకొనలేదు.

1980లో ప్రకటించిన ఫలితములలో ఇంటర్వ్యూ జవాబులకును ఆటలోని ఎన్నికలకును పొంతన కుదరలేదు. అడిగిన మనిషి ప్రభావము జవాబులలో చేరినదని బిన్స్‌వాంగర్ నిర్ణయించి, ఇంటర్వ్యూను ప్రక్కనబెట్టెను. ఆటలోనో, సొమ్ము పెరిగినకొలది ధనికుడు, పేద అను భేదము లేక ఎక్కువమంది ఒకే మోస్తరు జాగ్రత్త చూపిరి. దీని ఫలమును ఊహింపుడు. పేదవాని స్వభావమే అడ్డమైనచో అతనికి ఉపన్యాసములు చెప్పవలెను. స్వభావములో తేడా లేదని తేలినచో అడ్డు మరియొకచోట నున్నది: అప్పు పుట్టకపోవుటలో, ఎరువు అందకపోవుటలో, సలహా చెప్పువాడు పేదవాని గడప త్రొక్కకపోవుటలో. బిన్స్‌వాంగర్ రెండవ దారినే చూపెను. ప్రశ్నావళినే నమ్మియుండినచో ఒక రైతుల తరమునంతయు పిరికివారని వ్రాసియుండెడివారు. సర్వే పొరపాటు మనుష్యుల నెట్లు బాధింపగలదో ఇది చెప్పుచున్నది.

ఐతే ఈ ప్రయోగమును సంపూర్ణమని పొగడనక్కరలేదు. ఆటలో గెలిచినది పరిశోధకుడు ఇచ్చిన డబ్బు. పంట పోయినపుడు పోవునది రైతు తన డబ్బు. ఇచ్చిన సొమ్ముతో ఆడునపుడు చేయి కొంత వదులగుట సహజము. కాని ఈ అనుమానమునుకూడ లేవదీయుటకు రెండు పద్ధతులు ప్రక్కప్రక్కన నిలిచియుండుటయే కారణమైనది.

సాంఘికశాస్త్రములకే కాదు, మొక్కల శాస్త్రమునకును ఈ తగవు తప్పదు. రామగిరి ఖిల్లా ఓషధులకు పేరుపొందిన గుట్ట. ఆ చుట్టునున్న పల్లెలలో ఏ మొక్కను దేనికి వాడుదురని ఒక పరిశోధకుడు వైద్యము తెలిసిన వృద్ధులను అడిగినాడనుకొందము. పలువురు 'గలిజేరు' అని చెప్పిరి. పట్టికలో గలిజేరుకు పెద్ద అంకె పడును. కాని తెలుగువారు గలిజేరు అని పిలుచునవి వేరు వేరు మొక్కలు. తెల్ల గలిజేరు ఒక కుటుంబమునకు చెందినది, దానికి శాస్త్రనామము ట్రయాంథీమా. అటికమామిడి అనియు, ఎర్ర గలిజేరు అనియు పిలుచునది మరియొక కుటుంబమునకు చెందిన బోర్హావియా. చెప్పినవానిని వెంటబెట్టుకొని గుట్టకు పోయి, అతడు చూపిన మొక్కను పూవు, కాయలతో సహా త్రెంపి, ఎండబెట్టి, హెర్బేరియములో భద్రపరచినగాని ఆ అంకెకు అర్థము లేదు. ఈ పని చేయని వ్యాసము మొక్కల గూర్చి కాక మాటల గూర్చి వ్రాసినదగును. మాటలుకూడ అధ్యయనయోగ్యములే; అప్పుడు పట్టము తెలుగు శాఖలో అడుగవలెను.

పలు శాఖలవారు ఒకే ఊరిలో కలిసి పనిచేయుటకు తెలంగాణములో పాత ఉదాహరణ మున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1951-52లో హైదరాబాదుకు చేరువనున్న శామీర్‌పేటలో సాంఘికసేవా కార్యక్రమము నడిపినపుడు వైద్య, వ్యవసాయ, పశువైద్య, విద్యాశాఖల వారు ఒక్కటిగా పనిచేసిరి. దాని ఫలమే ఎస్.సి. దూబే 1955లో ప్రకటించిన 'ఇండియన్ విలేజ్'. అది డాక్టరేటు వ్యాసము కాదు, కాని గ్రామముపై డాక్టరేటు చేయువారందరు చదువు గ్రంథము. ఇంటింటి లెక్కకు తోడు ఊరిలో నివసించి చూచుట, వైద్యుల పరీక్షలు చేరుటచేత అందులోని గ్రామము సజీవముగా నున్నది. లోపమునకూడ చెప్పవలెను. ఏ వాక్యము లెక్కవలన వచ్చినది, ఏది పరిశీలనవలన వచ్చినది, ఏది ఒకరు చెప్పగా విన్నది అన్న భేదము పాఠకునికి అన్నిచోట్ల తెలియదు. రసము బాగుగా కలిసినది, దినుసులు వేరుపడవు. కథ చెప్పుటకు ఇది గుణము, పరీక్షించుటకు దోషము.

నేటి సిద్ధాంత వ్యాసములలో దోషము దీనికి సరిగా వ్యతిరేకము. దినుసులన్నియు వేరు వేరు గిన్నెలలో నుండును, వంట జరుగదు. నాల్గవ అధ్యాయములో ప్రశ్నావళి పట్టికలు, ఐదవ అధ్యాయములో ముచ్చట్లు. నూటికి ఎనుబదిమంది పునరావాస కాలనీలో తృప్తిగా నున్నారని నాల్గవది, రాత్రిపూట పాత ఊరి గుడిని తలచుకొని ఏడ్చిన ముదుసలి మాటలను ఐదవది చెప్పునను కొందము. ఈ రెంటిలో ఏది నిజము? వ్యాసకర్త చెప్పడు, రెండు అధ్యాయములును ఒండొంటిని చూడకయే ముగియును. తృప్తి అని వ్రాసినవారు దేనికి తృప్తిపడిరి, ఇంటికా, రోడ్డుకా, లేక పరిహారపు రెండవ విడత రావలసియున్నందున ఊరకుండిరా అని ఆ ఎనుబదిమందిలో పదిమంది వద్దకు మరల పోయి అడిగినచో అసలు పరిశోధన అక్కడ మొదలయ్యెడిది.

మరియొక దోషము ఎవరి నడిగిరను దానిలో నున్నది. ఆఫీసు ఇచ్చిన పేర్ల జాబితా పట్టుకొని నమూనా తీసినచో కాంట్రాక్టు కార్మికుడు లెక్కలోనికి రాకపోవచ్చును. పగటిపూట క్వార్టర్లకు పోయినచో మొదటి షిఫ్టువాడు దొరకడు, రాత్రి షిఫ్టువాడు నిద్రలో నుండును. తలుపు తీసిన ఇల్లాలిని అడిగి, జవాబును ఇంటి యజమానిది అని వ్రాసికొనుట జరుగుచున్నది. 'గట్టిగా అంగీకరించుచున్నాను' మొదలు 'గట్టిగా అంగీకరించను' వరకు ఐదు మెట్ల కాగితమును ఆంగ్లమునుండి మార్చి ఆమె ముందుంచినపుడు, ఆమె మర్యాదకొరకు మొదటి రెండు మెట్లలో ఒకటి చూపును. తెలుగువారి యిండ్లలో ఇంటికి వచ్చినవాని మాటను మొగముమీద కాదనుట వాడుక కాదు. ప్రశ్న వ్రాయుటకు ముందు పది రోజులు ఆ వాడలో కూర్చుండి, వారు తమలో తాము ఆ విషయమును ఏ మాటలతో చెప్పుకొందురో వినినచో ఈ కాగితము మరియొక తీరుగా నుండును. ఆ పది రోజుల వినికిడికూడ ఒక పద్ధతియే. అది సర్వేకు ముందు రావలెను, చివర అతికింపరాదు.

ఒక్క విద్యార్థి ఇంత పని చేయగలడా అను ఆక్షేపణ న్యాయమైనదే. పట్టమునకు కనీసపు గడువు మూడేండ్లు. శ్వాసమాపకము అరువు తేవలెను, ఎక్స్‌రేకు అనుమతి పొందవలెను, ఉద్యోగము చేయుచు చదువు ఉపాధ్యాయులకు సెలవు దొరకదు. కాని రెండవ పద్ధతిని అందరిపైన ప్రయోగింప నక్కరలేదు. ఐదువందల మందిని ప్రశ్నావళితో అడిగి, వారిలో చీట్లు తీసి వచ్చిన నలుబదిమందిని కొలిచినను ప్రశ్నావళి ఎంతవరకు నమ్మదగినదో, ఏ వైపునకు ఒరగుచున్నదో తెలియును. ఐదువందలను వేయి చేయుటకంటె ఈ నలుబదిమంది విలువ హెచ్చు. తప్పు గల ప్రశ్నను వేయిమందిని అడిగినచో తప్పు తగ్గదు, దానిపై ధైర్యము మాత్రము పెరుగును. పరీక్షకులు పేజీలు లెక్కించుట మాని, 'నీ రెండవ పద్ధతి నీ మొదటి పద్ధతిని ఎక్కడ కాదన్నది?' అని ఒక్క ప్రశ్న అడిగినచో చాలమంది అభ్యర్థులు మరల ఊరికి పోవలసివచ్చును.

హైస్కూలులో దీనిని చేసి చూచుటకు ఖర్చు లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థులు తమ వాడలో ఇరువది ఇండ్లకు పోయి, రోజునకు ఎన్ని బిందెల నీరు వాడుదురని అడిగి వ్రాసికొనవలెను. ఆ ఇండ్లలో ఐదింటిని చీట్లు తీసి ఎన్నుకొని, ఇంటివారి అనుమతితో, ఒక ఆదివారము ఉదయమునుండి సాయంత్రమువరకు నింపిన ప్రతి బిందెకు ఒక గీత గీయవలెను. చెప్పిన అంకెయు గీతల అంకెయు కలియని ఇండ్లకు మరునాడు పోయి కారణము కనుగొనవలెను: బిందె పెద్దదా, ఆదివారము బట్టలు ఉతికిరా, చుట్టములు వచ్చిరా, పశువుల తొట్టిలో పోసినది లెక్కపెట్టలేదా, లేక గీతలు గీయు పిల్లవాడు భోజనమునకు ఇంటికి పోయెనా?